చిల్లుల సంచియు, వేచియుండు శక్తియు

కష్టించి సంపాదించినదానిలో కొంత దాచుట వివేకమని పెద్దలందరు చెప్పుదురు. అయితే దాచిన సొమ్ము దాచినచోటనే కరిగిపోవుచున్నప్పుడు ఏమి చేయుట ధర్మము? దానిని కాపాడుటకై వాటాల విపణిలో పెట్టవలెనా? పెట్టినయెడల అది తిరిగి వచ్చునా? అట్లు పెట్టుట విశ్వాసికి తగునా? ఈ ప్రశ్నలు ధనవంతులవి మాత్రమే కావు. ఒక లక్ష రూపాయలు మాత్రమే గలవాని యింటిలో ఇవి మరింత బరువుగా నిలుచును.

సూరతు నగరపు దక్షిణ భాగమున, ఉధ్నా, పాండేసరా పారిశ్రామిక వాడల చేరువను బమ్రోలి యను పేట యున్నది. ఇది మరమగ్గముల సీమ. కృత్రిమ నూలుతో నేసిన చీరలు, దుస్తుల గుడ్డలు సూరతు నుండి దేశమంతటికి పోవుచున్నవి. ఒడిషాలోని గంజాం జిల్లావారు, బీహారు, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్రలవారు ఈ నగరమున మగ్గములపై పనిచేయుచున్నారు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతముల నేతపనివారి కుటుంబములు కూడ దశాబ్దములుగా ఇక్కడ స్థిరపడియున్నవి. స్వగ్రామములో చేమగ్గము కూడు పెట్టలేనప్పుడు వారు భీవండికి, షోలాపూరునకు, సూరతునకు తరలిపోయిరి. వారి పిల్లలకొరకు సూరతు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతము నడిపినది.

మరమగ్గము నడుపువానికి సాధారణముగా నెలజీతము ఉండదు. నేసిన మీటరుకు ఇంతయని కూలి. పనిపూట పన్నెండు గంటలు. మగ్గము నిలిచిన దినమున కూలియు నిలుచును. అనేకులకు ప్రావిడెంట్ ఫండు గాని, పింఛను గాని లేదు. అట్టివాడొకడు ఇంటి అద్దె, బియ్యము, పిల్లల ఫీజులు, ఊరిలోని తలిదండ్రులకు పంపు సొమ్ము పోగా, కొన్ని సంవత్సరములకు ఒక లక్ష రూపాయలు కూర్చుకొనెననుకొనుడు. చీటీ వేయవలెనా, బంగారము కొనవలెనా, బ్యాంకులో ఉంచవలెనా అని అతడు యోచించుచుండగా, ప్రక్క మగ్గముపై పనిచేయు యువకుడు తన ఫోను చూపి, “అన్నా, షేర్లలో పెట్టు. ఏడాదిలో రెట్టింపవుతుంది” అనును. అతడేమి చేయవలెను?

చిల్లుల సంచి

కూలివాని సంపాదన చిల్లుల సంచిలో పడుచున్నదని హగ్గయి ప్రవక్త తన కాలపు ప్రజలకు జ్ఞాపకము చేసెను (హగ్గయి 1:6). ప్రవక్త అక్కడ చూపిన కారణము వేరు. ప్రజలు దేవుని మందిరమును మరచి తమ యిండ్లను చక్కబెట్టుకొనిరి. అయినను ధరల పెరుగుదలకు, అనగా ద్రవ్యోల్బణమునకు, ఇంతకంటె చక్కని పోలిక దొరకదు.

ధరలు ఏటేట 6 శాతము చొప్పున పెరిగినయెడల, పెట్టెలో దాచిన లక్ష రూపాయల కొనుగోలు శక్తి పండ్రెండేండ్లలో సగమగును. నోట్లు ఒక్కటియు తగ్గవు. వాటితో వచ్చు బియ్యము, నూనె, మందులు తగ్గును. బ్యాంకు 6 శాతము వడ్డీ ఇచ్చుచుండగా ధరలు 7 శాతము పెరిగినచో, సంవత్సరాంతమున లక్షకు లక్షా ఆరువేలు చేతికి వచ్చును. అయితే నిరుడు లక్షకు వచ్చిన సరకులు కొనుటకు ఇప్పుడు లక్షా ఏడువేలు కావలెను. లెక్కలో లాభము, వంటింటిలో నష్టము.

మన దేశములో ద్రవ్యోల్బణము 1974లో 25 శాతమును దాటెను. ఇటీవల 2022 ఏప్రిలులో వినియోగదారుల ధరల సూచిక 7.79 శాతము పెరిగెను. 2016 నుండి రిజర్వు బ్యాంకు 4 శాతమును గురిగా పెట్టుకొని, 2 నుండి 6 శాతముల మధ్య దానిని నిలుపుటకు ప్రయత్నించుచున్నది. గురి నెరవేరినప్పటికిని, 4 శాతము చొప్పున పదునెనిమిదేండ్లలో రూపాయి సగమగును.

ఈ భారము అందరిపై సమానముగా పడదు. భూమి, బంగారము, వ్యాపారము గలవాని ఆస్తి ధరలతోపాటు పెరుగును. నోట్లరూపమున మాత్రమే పొదుపు గలవాడు నష్టపోవును. కావున దాచుకొన్నది కరిగిపోకుండ కాపాడుకొనవలెనను చింతను లోభమని నిందించుట న్యాయము కాదు. తన యింటివారిని పోషించుట విశ్వాసి బాధ్యతయని అపొస్తలుడు తిమోతికి వ్రాసెను (1 తిమోతి 5:8).

వాటాయా, పందెమా?

వాటా అనగా ఒక సంస్థలో భాగస్వామ్యము. నూలు మిల్లు వాటా కొన్నవాడు ఆ మిల్లుయొక్క యంత్రములకు, ఋణములకు, లాభములకు తన వంతు మేరకు యజమాని యగుచున్నాడు. సంస్థ బాగుగా నడిచినచో లాభాంశము వచ్చును. చెడినచో పెట్టినది పోవును. నష్టమును పంచుకొనుటకు సిద్ధపడిన వానికి లాభములో వంతు రావుట అధర్మము కాదు. పైగా, షేర్లను అంటనని చెప్పువాడును వాటికి పూర్తిగా దూరముగా లేడు. ప్రావిడెంట్ ఫండు సంస్థయే 2015 నుండి తన నిధులలో కొంత భాగమును వాటాల విపణిలో పెట్టుచున్నది.

ధరలు పెరుగు కాలమున వాటా కొంత రక్షణ ఇచ్చుననుట నిజమే. సరకు ధర పెంచగల సంస్థ ఆదాయము కూడ కాలక్రమమున పెరుగును. అయితే ఇది దీర్ఘకాలపు మాట. తక్షణమే జరుగునది తరచుగా వేరుగా నుండును. ధరలను అణచుటకై రిజర్వు బ్యాంకు వడ్డీ పెంచును. 2022 మే మొదలు 2023 ఫిబ్రవరి వరకు రెపో రేటు 4 నుండి 6.5 శాతమునకు పెరిగెను. వడ్డీ పెరిగినప్పుడు సంస్థల అప్పులు బరువెక్కును. అమెరికాలోను వడ్డీ పెరిగినచో విదేశీయులు ఆసియా విపణుల నుండి తమ ధనమును మరలించుకొందురు. రూపాయి విలువ తగ్గును. కావున వాటా అనునది వాన పడగానే విప్పుకొను గొడుగు కాదు. అది ఏండ్లతరబడి పెరుగవలసిన చెట్టు వంటిది.

అదే విపణిలో వేరొక ద్వారము కలదు. ఫ్యూచర్స్, ఆప్షన్స్ అను ఒప్పందములు మొదట ధరల మార్పు వలన నష్టపోకుండుటకై రైతులకు, మిల్లులకు, వర్తకులకు ఉపయోగపడినవి. నేడు అనేకమంది యువకులు వాటిని దినదినము ఆడు పందెముగా మార్చుకొనిరి. అక్కడ ఒకని లాభము మరియొకని నష్టమే. మధ్యవర్తుల రుసుము ఇరువురి నుండియు పోవును. 2021-22 నుండి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరములలో ఈ వ్యాపారము చేసిన వ్యక్తులలో 93 శాతము మంది నష్టపోయిరనియు, వారి మొత్తము నష్టము 1.8 లక్షల కోట్ల రూపాయలకు మించెననియు సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించెను. ప్రక్క మగ్గపు యువకుడు ‘ఏడాదిలో రెట్టింపు’ అని చూపునది తరచుగా ఈ ద్వారమే. త్వరగా వచ్చిన ధనము తరుగుననియు, కొంచెము కొంచెముగా కూర్చినది పెరుగుననియు సామెతల గ్రంథము బోధించుచున్నది (సామెతలు 13:11). సెబీ లెక్క ఆ మాటను నేటి సంఖ్యలలో చూపుచున్నది.

ఆసియా విపణుల సాక్ష్యము

ఈ ఖండపు విపణుల చరిత్రలో మొదటి గొప్ప పతనములలో ఒకటి ప్రత్తివలన కలిగెను. దాని నాయకుడు సూరతులో జన్మించినవాడే. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము చెలరేగి, అచ్చటి ప్రత్తి ఇంగ్లండునకు రాక నిలిచిపోయెను. లాంకషైర్ మిల్లులు మూతపడి, అక్కడి నేతపనివారు పస్తులుండిరి. బొంబాయి ప్రత్తికి మాత్రము ఎన్నడును లేని ధర వచ్చెను. వచ్చిపడిన ధనమంతయు కొత్త కొత్త కంపెనీల వాటాలలోనికి ప్రవహించెను. సూరతువాడైన ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ ఆ విపణికి రాజువంటివాడాయెను. సముద్రమును పూడ్చి భూమి చేయుటకు పుట్టిన బాక్ బే కంపెనీ వాటా అసలు ధరకు ఎన్నోరెట్లు పలికెను. 1865లో యుద్ధము ముగిసెను. ప్రత్తి ధర కూలెను. ఒప్పందములు తీర్చవలసిన 1865 జూలై 1వ తేదీన చెల్లింపగలవారు కొద్దిమందియే యుండిరి. ప్రేమ్‌చంద్ ఆస్తి పోయెను. వాటాల తాకట్టుపై అప్పులిచ్చిన బొంబాయి బ్యాంకును మూతపడెను. దూరదేశపు యుద్ధమువలనను, ఇతర నేతపనివారి ఆకలివలనను పెరిగిన లాభము శాంతి రాగానే కరిగిపోయినదని ఇందు గమనింపవలెను. తన లాభము ఎక్కడి నుండి వచ్చుచున్నదని నాడు అడిగినవారు అరుదు.

జపాను దేశపు నిక్కీ సూచిక 1989 డిసెంబరు 29న 38,915 వద్ద ముగిసెను. ఆ శిఖరమును అది తిరిగి దాటినది 2024 ఫిబ్రవరి 22న. ముప్పదినాలుగేండ్లు! నలువదేండ్ల వయస్సున శిఖరముపై కొన్నవాడు డెబ్బది దాటినవాడై యుండును. ‘ఎప్పటికైనను విపణి లేచును’ అను మాట నిజమైనను, ఒక మనుష్యుని ఆయుష్షు అంతవరకు నిలువకపోవచ్చును.

1997 జూలై 2న థాయిలాండు తన నాణెమైన బాట్‌ను డాలరుతో కట్టియుంచలేక విడిచిపెట్టెను. కొలది నెలలలో ఇండొనేషియా, మలేషియా, దక్షిణ కొరియాల విపణులును, నాణెములును కూలెను. 1998 ఆరంభమున కొరియాలో సుమారు 35 లక్షలమంది తమ ఉంగరములను, నగలను దేశఋణము తీర్చుటకై అప్పగించిరి. సుమారు 227 టన్నుల బంగారము సమకూడెను. అప్పులు చేసినవి గొప్ప సంస్థలు. ఉంగరములు తీసియిచ్చినవారు సామాన్యులు.

తెలుగువారికి ఈ పాఠము ఇంటియొద్దనే దొరికెను. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ సంస్థ 2008లో ఉత్తమ పరిపాలనకు బహుమానము పొందెను. 2009 జనవరి 7న దాని అధ్యక్షుడే లెక్కలు పెంచి చూపబడినవని లేఖ వ్రాసి ఒప్పుకొనెను. ఆ ఒక్క దినమున వాటా ధరలో మూడువంతులకు పైగా తుడిచిపెట్టుకొనిపోయెను. దొంగ త్రాసును గూర్చి లేవీయకాండము చెప్పినది సంతలోని వర్తకునికి మాత్రమే కాదు, లెక్కల పుస్తకమునకును వర్తించును. అన్నిటిని ఒక్కచోట ఉంచక ఏడు, ఎనిమిది పాళ్లుగా పంచుమను ప్రసంగి సలహాకు (ప్రసంగి 11:2) కారణము కూడ ఇదియే: భూమిమీద ఏ కీడు ఎప్పుడు వచ్చునో మనుష్యునికి తెలియదు. బహు సంస్థల వాటాలను కలిపి కొను మ్యూచువల్ ఫండ్ పద్ధతి ఆ సలహాకు దగ్గరది. అయినను విపణి యంతయు పడినప్పుడు అదియు పడును.

వేచియుండు శక్తి

ఇప్పుడు అసలు ప్రశ్నకు రావలెను. 2020 మార్చి 23న ముంబాయి సెన్సెక్స్ ఒక్కదినమున 3,935 పాయింట్లు, అనగా 13 శాతమునకు పైగా, పడి 25,981 వద్ద నిలిచెను. అదే వారములో దేశమంతట లాక్‌డౌన్ విధింపబడెను. సూరతు మగ్గములు ఆగిపోయెను. ఏప్రిలు నెలలో కూలిలేక, తిండిలేక, ఊరికి పోవు దారిలేక అచ్చటి వలస కార్మికులు వీధులలోనికి వచ్చిరి. అయితే సెన్సెక్స్ అదే సంవత్సరము నవంబరు నాటికి జనవరిలోని తన శిఖరమును దాటిపోయెను.

మార్చిలో వాటాలు గలవారిద్దరిని ఊహించుడు. ఒకనికి జీతము వచ్చుచునే యుండెను, ఇంటిలో సరకులుండెను. అతడు వేచియుండెను, ఎనిమిది నెలలలో అతని సొమ్ము తిరిగి వచ్చెను. రెండవవాడు బమ్రోలి నేతపనివాడు. మగ్గము నిలిచిన రెండవ వారమునకే బియ్యము నిండుకొనెను. అతడు పడిపోయిన ధరకే వాటాలు అమ్మవలసివచ్చెను. ఇద్దరును ఒకే వాటాను, ఒకే దినమున కొనియుండవచ్చును. ఇద్దరి వివేకమును సమానమే కావచ్చును. ఒకడు నిలిచి, మరియొకడు నష్టపోవుటకు కారణము తెలివి కాదు. మొదటివానికి ఓపికపట్టుటకు కావలసిన ఆధారముండెను. రెండవవానికి అది లేదు.

ఓపిక సద్గుణమని బోధకులు చెప్పుదురు, అది నిజమే. కాని విపణిలో ఓపిక ఒక ఆస్తియు అయియున్నది. ఆరునెలల తిండి యింట నున్నవానికే అది లభించును. ‘దీర్ఘకాలము ఉంచినచో నష్టములేదు’ అని పేదవానికి సలహా చెప్పువాడు, ఆ దీర్ఘకాలమును అతడెట్లు గడుపునో కూడ ఆలోచింపవలెను. ఈ దృష్టితో చూచినయెడల ధనము మూడు విధములుగా కనబడును. మొదటిది కూడు: రాబోవు నెలల తిండి, అద్దె, వైద్యము. రెండవది విత్తనము: నిర్ణీత కాలమునకు తప్పక కావలసినది, కుమార్తె చదువు, ఇంటి ఋణము. మూడవది మిగులు: పోయినను ఇంటివారు పస్తులుండనిది. విపణిలోనికి పోవలసినది మూడవది మాత్రమే. నేతపనివాని లక్షలో అరువదివేలు కూడు, ముప్పదివేలు విత్తనము అయినచో, అతని పెట్టుబడి పదివేలే. కూడు చేతికందు బ్యాంకులో ఉండవలెను. ధరల వలన కొంత తరిగినను, అవసరమున దొరకుటయే దాని లాభము.

తలాంతుల ఉపమానమును (మత్తయి 25) చూపి, ధనమును పూడ్చిపెట్టుట పాపమనియు, కావున సాహసింపవలెననియు కొందరు వాదించుదురు. ఆ దాసులకు ఇయ్యబడినది వారి పిల్లల ఆహారము కాదు. యజమానుడు తన ఆస్తిలో నుండి అప్పగించిన మిగులు. పూడ్చిపెట్టినవాడు గద్దింపబడినది నష్టపోయినందుకు కాదు. భయపడి ఏమియు చేయనందుకు. అక్కడ నిందింపబడిన భయము వేరు, పిల్లల కూడును కాపాడుకొను జాగ్రత్త వేరు.

కొట్లు ఎవరికొరకు?

సమృద్ధి కాలమున ధాన్యము నిలువచేసిన యోసేపు పొదుపునకు మాదిరిగా చూపబడును. ఏడేండ్ల పంటలో అయిదవ భాగము కొట్లలో చేరెను. కరవులో అది ప్రాణములను నిలిపెను. అయితే ఆదికాండము 47వ అధ్యాయమును తొందరపడక చదువవలెను. కరవు ముదిరినకొలది ప్రజలు మొదట వెండిని, తరువాత పశువులను, ఆపైన పొలములను, తుదకు తమ్మును అమ్ముకొనిరి. వేచియుండలేని వారి భూమి వేచియుండగలిగిన ఫరో చేతికి చేరెను. తరువాత ఇశ్రాయేలునకు ఇయ్యబడిన ధర్మశాస్త్రము, ఏబదియవ సంవత్సరమున భూమి తిరిగి మొదటివానికి చేరవలెనని విధించెను (లేవీయకాండము 25). ఏడవ సంవత్సరము సమీపించినదని పేద సహోదరునికి అప్పు నిరాకరింపరాదని హెచ్చరించెను (ద్వితీయోపదేశకాండము 15). ఒకడు గతిలేక అమ్ముకొనునది మరియొకనికి శాశ్వత లాభము కారాదని ఆ విధుల భావము.

పడిన విపణిలో చవుకగా కొనుట నేరము కాదు. కాని అమ్మువారిలో ఆకలిగొన్నవారు కూడ ఉందురని కొనువాడు మరువరాదు. వేచియుండగల శక్తి దేవుడిచ్చినదైతే, అది పంచుకొనదగినది. లాభాంశము పెరిగినదని సంతోషించు వాటాదారుడు, అది మీటరు కూలి తగ్గించుటవలన వచ్చినదా యని అడుగవలెను. పనివాని కూలి బిగబట్టినవారిని గూర్చి యాకోబు వ్రాసినది (యాకోబు 5:4) మిల్లు యజమానికి ఎంతయో, అతని భాగస్వామికిని అంతయే. జాన్ వెస్లీ 1760లో ప్రచురించిన ప్రసంగమున సంపాదించుట, పొదుపుచేయుట, ఇచ్చుట అను మూడింటిని కలిపియే బోధించెను; పొరుగువానికి హానిచేసి సంపాదింపరాదనియు చెప్పెను. మూడవది లేని మొదటి రెండు ఆత్మకు అపాయమని అతని భావము.

ఇది పెద్ద కార్యముతో ఆరంభము కానక్కరలేదు. ఒక సంఘములోని పది కుటుంబములు నెలకు కొంచెము కొంచెముగా ఒక నిధి కూర్చి, మగ్గము నిలిచిన సభ్యునికి వడ్డీలేక మూడు నెలల బియ్యమునకు అప్పిచ్చినచో, అతడు తన పదివేల వాటాలను నష్టమునకు అమ్ముకొననక్కరలేదు. అతనికి వారిచ్చినది సొమ్ము మాత్రమే కాదు, కాలము కూడ. అట్లే సలహా చెప్పువారును జాగ్రత్తపడవలెను. సంఘపెద్ద యొక పథకమును మెచ్చుకొన్నచో, ఆయనను నమ్మియే అనేకులు అందులో సొమ్ము పెట్టుదురు. తాను పూర్తిగా ఎరుగనిదానిని ఇతరులకు చెప్పకుండుట కూడ సాక్ష్యములో భాగమే.

బమ్రోలి నేతపనివానికి ఇక జవాబు చెప్పవచ్చును. అతడు విపణికి భయపడనక్కరలేదు, దానిని మ్రొక్కనక్కరలేదు. మొదట కూడును వేరుపరచవలెను. మిగిలిన కొంచెమును తాను అర్థము చేసికొనగలిగిన చోట, పలు పాళ్లుగా, ఏండ్ల తరబడి ఉంచవలెను. పందెపు ద్వారమున అడుగుపెట్టరాదు. అప్పుచేసి వాటాలు కొనరాదు. లాభము ఎవరి శ్రమ నుండి వచ్చుచున్నదో అడుగవలెను. ఇంత చేసినను నష్టము రావచ్చును; ఏ వివేకమును రేపటి దినమును చేతికియ్యజాలదు.

ప్రియ చదువరీ, నీ సంచి చిల్లులు పూడ్చుకొనుట నీ ధర్మమే. నీ పొరుగువాని సంచిని చూచుటయు నీ ధర్మమే. ప్రభువు నేర్పిన ప్రార్థనలో విశ్వాసి అనుదిన ఆహారమును అడుగునప్పుడు తనకొరకు మాత్రమే అడుగడు. ఆ ప్రార్థనలో అతని ప్రక్క మగ్గముపై పనిచేయువాడును చేరియున్నాడు. ధరలు పెరుగు దినములలో ఆ ప్రార్థన చేసి లేచినవాడు, తన దాచుకొన్నదానిలో పొరుగువాని పాలు ఎంతయో లెక్కించుకొనుగాక.